నీళ్ళన్నీ రజియా హోటల్ కిందే

ముర్తుజా చేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు లెక్క. పీచు వలిచి పిలక మాత్రం ఉంచిన కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని ఆయన పొలమంతా నడిచేవాడు. వెనక రైతు, రైతు వెనక ఊళ్ళో ఆ పూట పనిలేనివాళ్ళు. ఎక్కడో ఒకచోట కాయ ఉలిక్కిపడినట్టు లేచేది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టేవాళ్ళు. మర్నాడు బోరు బండి వచ్చేది. నరసరావుపేట మొదలుకొని నూజెండ్ల అవతల దాకా ఏళ్ళ తరబడి ఇదే ఆయన బతుకుతెరువు.

కాయను లేపేది భూమిలో గంగా, నీ మణికట్టా అని ఎవరన్నా అడిగితే, "ఇద్దరం కలిస్తేనే లేస్తది" అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఎవరి వాటా ఎంతో ఆయనకే తెలియదు. కాయ పట్టుకునే ముందు రైతుతో కలిసి టీ తాగేవాడు. చుట్టుపక్కల ఎవరి బోరు పోసింది, ఎవరిది ఎండింది, ఏ గట్టు మీద చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉంది అని కబుర్లలో లాగేవాడు. గ్లాసు కింద పెట్టేసరికి కాళ్ళకు దారి తెలిసిపోయేది. కాయ ఆ దారినే నమ్ముకొని వచ్చేది. నీళ్ళు పడితే ముర్తుజా చలవ. పడకపోతే గంగమ్మ అలక. పడినవాడు పది ఊళ్ళు చెప్పుకునేవాడు, పడనివాడు సిగ్గుతో నోరు మూసుకునేవాడు. పేరు నిలబడటానికి అంతకన్నా ఏం కావాలి.

ఒక్క సంగతి మాత్రం ఉంది. ఆయన కాయ ఏ పొలంలోనూ మొదటి నుంచి చివరి దాకా పడుకొని లేదు. ఎక్కడో ఒకచోట లేవాల్సిందే. ఇక్కడ అని చెప్పించుకోవడానికి పిలుస్తారు గానీ, ఎక్కడా లేవు అని చెప్పించుకోవడానికి బస్సు ఛార్జీ ఇచ్చి ఎవరు పిలుస్తారు?

పని అయిపోయిన కాయ ఇంటికొస్తే మాబున్నీసా దాన్ని పగలగొట్టి చట్నీ నూరేది. మొగుడి ముందు గిన్నె పెట్టి, "నీ విద్యలో ఉప్పు ఒక్కటే తక్కువయింది, నేనేశా" అనేది. ముర్తుజా ఇప్పుడు లేడు. ఆ ఇంట్లో కొబ్బరి చట్నీ నూరడం కూడా లేదు.

ఆయన కాయకు పోటీ వచ్చింది సుప్రజతో. నరసరావుపేటలో బోరు బండ్ల కంపెనీ ఆమె నాన్నది. ఆయనకు మోకాళ్ళు పట్టేశాక, ఇంజనీరింగు చదివిన కూతురు ఆ కుర్చీలో కూర్చుంది. వచ్చీ రాగానే, పాత బిల్లులన్నీ కంప్యూటర్‌కు ఎక్కించింది. ఎవరి పొలం, ఎంత లోతు, నీళ్ళు పడ్డాయా లేదా, ఎక్కడ వేశారు అన్నవి ప్రతి బిల్లు మీదా ఉంటాయి. ఆ ఎక్కడ అన్నదే ముఖ్యం. ఆమె నాన్న హయాంలోనే బిల్లు ఫోన్లో రాయడం మొదలైంది. రాసే మనిషి లొకేషన్ నొక్కితే మ్యాప్ మీద చుక్క పడుతుంది.

ఒకరోజు ముర్తుజా ఆఫీసుకు వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించింది.

"ఇదిగో బాబాయ్, ఈ పొలం చుట్టూ వేలితో గీత గీస్తే, గీత లోపల వేసిన బోర్ల బిల్లులన్నీ వస్తాయి. లేదూ, ఇక్కడ నిలబడి అరకిలోమీటరు లోపల నీళ్ళు పడ్డవి చూపించు అంటే, దగ్గరది ముందు, దూరంది వెనక వరసగా చెబుతుంది."

"ఈ డబ్బా చెబుతదా?"

"ఇది కాదు. వెతికే యంత్రం ఎక్కడో పెద్ద కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటుంది. పాడైతే బాగుచేసుకునేదీ, దానికి కరెంటు పెట్టేదీ వాళ్ళే. మనం కాగితాలు దాని దగ్గర పెట్టి అడగడమే. వాడుకున్నంతకు కిరాయి."

ముర్తుజా తెర వంకా, సంచిలో ఉన్న కాయ వంకా చూశాడు.

"అంటే కొబ్బరికాయేగా తల్లీ. కాకపోతే అద్దెది."

సుప్రజకు నవ్వొచ్చింది గానీ, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఆమె ఫోన్ పట్టుకొని పొలానికి వెళ్తే రైతులు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "అది సరేగానమ్మా, కాయాయన ఎప్పుడొస్తాడు" అని అడుగుతున్నారు. యంత్రం మాటకు కాయ నోరు కావాలి. అందుకని ఇద్దరూ కూడబలుక్కున్నారు. ముర్తుజా తలగుడ్డ కింద, ఎడమ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్. ఆయన ఫోన్ కదిలితే సుప్రజ తెర మీద చుక్క కదులుతుంది. ఆమె ఆఫీసులో కూర్చొని ఎటు నడవాలో చెబుతుంది, ఆయన నడుస్తాడు, కాయ లేస్తుంది. మధ్యలో ఆయన తిరిగి ఏదన్నా అడగాలంటే దువా చదువుతున్నట్టు పెదవులు కదుపుతాడు.

ముప్పాళ్ళ వైపు రెండు మూడు పొలాల్లో ఇది బ్రహ్మాండంగా పలికింది. ముర్తుజా తలవంచి చెవి ఒగ్గి నడవడం చూసి, ఆయన ఇప్పుడు గంగ మాట్లాడేది కూడా వింటున్నాడని పేరొచ్చింది. ఆ మాట మాబున్నీసా దాకా వస్తే, "ఇంట్లో నేను మాట్లాడేది వినడు గానీ" అంది.

అప్పుడు పిలిచింది నూజెండ్ల దగ్గర హనుమాయమ్మ.

హనుమాయమ్మకు మూడెకరాల బత్తాయి తోట. మొగుడు పోయాక ఒంటిచేత్తో పెంచింది. ఇన్నాళ్ళూ తడిపిన పాత బావి అడుగంటి, కాపుకొచ్చిన చెట్లు ఆ ఎండలకు ఆకు ముడుచుకొని నిలబడ్డాయి. పొలంలో అంతకుముందు వేసిన రెండు బోర్లూ నీళ్ళకు బదులు రాతిపిండి లేపాయి.

"తమ్ముడూ, ఇదే ఆఖరు" అంది ముర్తుజాను చూడగానే. "మళ్ళీ బోరెయ్యడానికి నా దగ్గర ఏం లేదు. ఇది కూడా పిండి లేపిందా, చెట్లు కొట్టించి కట్టెలకమ్ముతా. నీ కాయకు చెప్పు."

పక్క పొలంలో నీళ్ళున్నాయి. గట్టుకు అవతలే ధనలక్ష్మి బోరు నాలుగేళ్ళుగా ఆగకుండా పోస్తోంది. ఇద్దరూ తోడికోడళ్ళు. ధనలక్ష్మికి నీళ్ళు పడిన రోజే హనుమాయమ్మ మొదటి బోరు పిండి లేపింది. ఆ సాయంత్రం ధనలక్ష్మి కారియర్ నిండా కోడికూర పెట్టి పంపింది. మంచికే పంపిందో, ఎత్తిపొడుపుకే పంపిందో ఆమెకే తెలియాలి. హనుమాయమ్మ మాత్రం కారియర్ మూత కూడా తీయకుండా గట్టు మీది తుమ్మచెట్టుకు తగిలించి వచ్చింది. అప్పటి నుంచి మాటల్లేవు. పాతాళం దాకా తవ్వుతుంది గానీ ఆ గట్టు దాటి నోరు తెరిచి అడగదు.

ముర్తుజా బిస్మిల్లా అనుకొని కాయ పట్టుకున్నాడు. జనం వెనకబడ్డారు. చెవిలో సుప్రజ గొంతు పలికింది.

"బాబాయ్, మీ చుట్టూ అరకిలోమీటరు అడిగాను. ఉన్నవన్నీ ఎండినవే. కొంచెం వెడల్పు పెంచుతున్నా, ఉండండి."

ముర్తుజా ఒక చెట్టు దగ్గర ఆగి భక్తిగా కళ్ళు మూసుకున్నాడు.

"బాబాయ్." ఆమె గొంతు మారింది. "ఒక్కచోటే కుప్పగా ఉన్నాయి, లెక్కపెట్టలేనన్ని. అన్నీ నీళ్ళు పడ్డవే, చుక్క మీద చుక్క. కింద ఏరు పారుతోందేమో."

"ఎటు" అన్నాడు ముర్తుజా, దువా మధ్యలో.

"తూర్పుకు. ఆ ధార ఎటు సాగుతుందో చూద్దాం. మీ అక్క పొలంలోకి ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది."

ముర్తుజా తూర్పుకు నడిచాడు. తోట అయిపోయింది. డొంక వచ్చింది. ఆయన ఆగలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నా పొలం అయిపోయింది" అంది హనుమాయమ్మ వెనక నుంచి.

"గంగ పిలుస్తందక్కా."

"నా గంగ నా పొలంలో పిలవాల గానీ, డొంకలో పిలిస్తే నాకేంది లాభం?"

"పిలిచినకాడికి పోవాలక్కా. మనం రమ్మన్నకాడికి అది వస్తదా?"

డొంక పోయి తారురోడ్డు ఎక్కింది. జనం పెరిగారు. ఒక ఆటో ఆగి, అందులోవాళ్ళు కూడా దిగారు. చెవిలో సుప్రజ ఇంకొంచెం, ఇంకొంచెం అంటోంది. రోడ్డు దాటాడు. నాలుగు రోడ్ల కూడలిలో రజియా భోజన హోటల్. ముందు బల్లల మధ్య నుంచి, తినేవాళ్ళ పక్క నుంచి, చేతులు కడిగే తొట్టి దాటుకొని వెనక వంటింట్లోకి నడిచాడు. పెద్ద పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

"అదే బాబాయ్. సరిగ్గా అక్కడే."

కాయ లేచి నిలబడింది. అలవాటు కొద్దీ లేచింది, పాపం దాని తప్పేమీ లేదు.

రజియా గరిటె పట్టుకొని, పొయ్యి ముందు కళ్ళు మూసుకొని నిలబడిన మనిషిని ఎగాదిగా చూసింది.

"ఏంది భాయ్, పొయ్యిలో బోరేస్తవా?"

ముర్తుజా కళ్ళు తెరిచాడు.

"ఆ కాయ ఇటు పడెయ్" అంది రజియా. "కుర్మాలోకి తక్కువయింది."

జనం పొట్ట పట్టుకొని నవ్వారు. ఎవరో వెనక నుంచి, గంగ కూడా ఆకలికి తట్టుకోలేక హోటలుకొచ్చిందన్నారు. హనుమాయమ్మ ఒక్కతే నవ్వలేదు. బల్ల మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకొని, "నా చెట్లు పోయినట్టే" అంది మెల్లగా. ఆ నవ్వులన్నిటికన్నా ఆ మాటే ముర్తుజాను కోసింది.

జనం పలచబడ్డాక ఆయన ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అటూ ఇటూ చూస్తుంటే, మూల బల్ల దగ్గర వెంకట సాయి కనబడ్డాడు. సుప్రజ కంపెనీలో ఇటువైపు బోరు బండితో పాటు తిరుగుతూ బిల్లులు రాసేది అతనే. మెడ మీద తువ్వాలు, ముందు పళ్ళెం, కుడిచేతిలో కోడి కాలు. ఎడమచేతి బొటనవేలితో ఫోన్ నొక్కుతున్నాడు.

"ఏం చేస్తన్నావు నాయనా?"

"బిల్లు ఎక్కిస్తన్నా బాబాయ్. పొద్దున కొండ అవతల ఊళ్ళో నీళ్ళు పడ్డయి. పైపు నిండా."

"అక్కడ పడితే ఇక్కడ ఎక్కిస్తన్నావేంది?"

వెంకట సాయి ఎముక పక్కన పెట్టి, తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు. "నీళ్ళు పడితే అక్కడి జనం ఊరుకుంటారా? బిందెలతో పోసి తడిపేస్తారు. ఫోన్ ఏం కాను? ఆ తర్వాత రైతు మా అందరికీ కోడికూర భోజనం పెట్టించాల గదా, అది ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. భోజనమంటే ఈ చుట్టుపక్కల రజియక్క హోటలే. తీరిగ్గా కూర్చుంటా, బిల్లు ఎక్కిస్తా."

"మరి లొకేషనూ?"

"నొక్కమంటది. నొక్కుతా."

"నీళ్ళు పడకపోతే?"

"పడకపోతే కూడు పెట్టేదెవరు? తిట్లు మొదలయ్యే లోపల అక్కడే గట్టు మీద నొక్కేసి బండెక్కుతాం."

ముర్తుజా చెవిలో ఇయర్‌ఫోన్ ఇంకా ఉంది. అవతలికి ఈ మాటలన్నీ వినబడ్డాయి. తర్వాత సుప్రజ గొంతు, బాగా నీరసంగా.

"బాబాయ్, ఆయన్ని ముందు తినడం ఆపమనండి."

ముప్పాళ్ళ వైపు బిల్లులు రాసే మనిషికి బయటి తిండి పడదు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకొని పొలంలోనే తింటాడు. అందుకే అక్కడ యంత్రం నిజం పలికింది. ఇక్కడ మాత్రం ఎండినవన్నీ ఎండినచోటే ఉన్నాయి, పోసినవన్నీ వచ్చి రజియా పొయ్యి చుట్టూ కూర్చున్నాయి.

"అది నీళ్ళని చూసి చెప్పదు బాబాయ్, కాగితాల్ని చూసి చెబుతుంది" అంది సుప్రజ. "కాగితం హోటలుకు పోతే అదీ వెనకాలే పోతుంది. నేను చూసుకోవాల్సింది. ఏరు దొరికిందనుకొని మురిసిపోయాను."

"నేను మాత్రం తక్కువ తిన్నానా తల్లీ" అన్నాడు ముర్తుజా. అవతల బల్లల దగ్గర ఆ భోజనాల్లో సగానికి ఆయన కూడా కూర్చున్నవాడే.

ఇక దిద్దుబాటు. వెంకట సాయి వెళ్ళి ప్రతి బోరు దగ్గరా నిలబడి మళ్ళీ లొకేషన్ నొక్కాలి. వెళ్ళడానికి అతనికి పొలాలు గుర్తుంటేగా. గుర్తున్నది కూరలే. నాటుకోడి ఎవరు పెట్టించారో, ఫారం కోడితో సరిపెట్టింది ఎవరో చెప్పగలడు. మిగతాది రజియా అందించింది. ఏ రైతు ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎవరి కాళ్ళకు ఎర్రమట్టి అంటి బల్లకింద ఊడ్వలేక తను చచ్చిందో, ఎవడు వేపుడు కూడా తెమ్మని తర్వాత మొహం చాటేశాడో ఆమెకు నిన్న జరిగినట్టే ఉంది. ఆమె చెబుతుంటే సుప్రజ ఫోన్లో వింటూ రాసుకుంది. ముర్తుజా బండి మీద వెంకట సాయిని వెనక కూర్చోబెట్టుకొని ఊరూరా తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా, "మా బోరుకు బిల్లు రాసినాయన వచ్చాడు" అని రైతులు మళ్ళీ విస్తరి వేశారు. ముద్ద నోట్లో పెట్టే ముందు బోరు దగ్గర నిలబడి ఫోటో తీసి పంపాలని సుప్రజ ఆజ్ఞ. తిరుగుడు పూర్తయ్యేసరికి వెంకట సాయి చొక్కా గుండీ ఒకటి తెగిపోయింది.

చుక్కలు ఒక్కొక్కటే హోటల్ నుంచి లేచి ఎవరి పొలానికి అవి వెళ్ళిపోయాయి. చివరికి రజియా హోటల్ కింద చుక్క నీళ్ళు లేవని తేలింది. ఆ మాట చెబితే ఆమె, "నాకు తెలియదా, రోజూ ట్యాంకర్ తెప్పించుకునేదాన్ని" అంది.

సుప్రజ ముర్తుజాను పక్కన కూర్చోబెట్టుకొని, హనుమాయమ్మ పొలం చుట్టూ వేలితో గీత గీసింది. లోపల రెండే కాగితాలు, రెండూ ఎండినవి. కిలోమీటరు అడిగింది. ఎండినవి, ఎండినవి, మధ్యలో అక్కడక్కడా పోసినవి. దగ్గరది ముందు రమ్మంటే మొదటి వరసలో వచ్చిన పేరు ధనలక్ష్మి.

"ఇది నాకు ముందే తెలుసు" అన్నాడు ముర్తుజా. "ఊరంతా తెలుసు."

"ఆ పొలంలో బోరు వద్దు బాబాయ్. చుట్టూ ఇన్ని ఎండాయి. బండి నాదే, వేస్తే నాకే బేరం. కానీ వద్దు. ఆ చేసే ఖర్చేదో పైపుకు పెట్టి ధనలక్ష్మిగారి నీళ్ళు తెచ్చుకుంటే చెట్లు బతుకుతాయి. ఫోన్ చేసి చెప్పనా?"

"నువ్వు వద్దంటే ఇంకో కంపెనీ బండిని పిలుస్తది. కాయ వద్దంటే ఆగుతది."

అన్నాడు గానీ, ఇంటికెళ్ళి మంచం మీద పడుకున్నాక భయం పట్టుకుంది. కాయ ఒక్కసారి పడుకుంటే పేరు కూడా దాంతో పాటే పడుకుంటుంది. రేపటి నుంచి పిలిచేదెవరు? మాబున్నీసా సంగతంతా విని, "లేచిన కాయలూ చట్నీకే వచ్చినయి, లేవంది కూడా చట్నీకే వస్తది. పడుకో" అని దీపం ఆర్పింది.

మర్నాడు పొద్దున్నే హనుమాయమ్మ తోటలో కాయ పట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. హోటల్ తమాషా చూసిన జనం ఈసారి రెట్టింపు వచ్చారు. ముర్తుజా చెట్టు చెట్టుకూ నడిచాడు. నాలుగు మూలలూ తిరిగాడు. రైతు ఆశగా చూస్తుంటే లేపడం చేతికి ఎంతగా అలవాటైందో, మణికట్టు తనంతట తనే తిరగబోయింది. బొటనవేలితో అదిమిపట్టి నడిచాడు. కాయను లేపేది ఎవరో ఆ పూట ఆయనకు తెలిసిపోయింది.

"లేవలేదేంది తమ్ముడూ?" అంది హనుమాయమ్మ.

"లేదక్కా."

"మళ్ళీ తిరుగు."

మళ్ళీ తిరిగాడు. కాయ పడుకునే ఉంది. ముర్తుజా కాయ లేవకపోవడం ఎవరూ చూసి ఎరగరు. హనుమాయమ్మ ఆయన చేతి వంక చూసింది, బొటనవేలి వంక చూసింది. ఆమె ఏం కనిపెట్టిందో ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు ముర్తుజా పడమటి గట్టు వైపు తిరిగి, తుమ్మచెట్టు దాటి, నేరుగా ధనలక్ష్మి మోటారు షెడ్డు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. కాయ లేచింది.

ధనలక్ష్మి మిరప మళ్ళో నుంచి నడుం మీద చేతులు పెట్టుకొని వచ్చింది.

"ఏంది ముర్తుజా అన్నా, నా బోరు మీద నాకే గుర్తు పెడతన్నావు?"

"నేనేం చేసేది ధనలక్ష్మమ్మా. కాయ ఇటే ఈడ్చింది."

హనుమాయమ్మ గట్టు ఇవతలే ఆగిపోయింది. "తమ్ముడూ, నీ మణికట్టు సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఇటు రా."

"నేను రానక్కా. కాయ రావట్లేదు. నువ్వే అడుగు."

"నేను ఎవర్నీ అడగను."

"మనిషిని అడగొద్దు. కాయనడుగు."

హనుమాయమ్మ తల తిప్పి చెట్ల వంక చూసింది. ముడుచుకున్న ఆకులు ఎండకు మెరుస్తున్నాయి. ఆమె గట్టు ఇవతల నుంచే గొంతు పెంచింది.

"కాయా, చెట్లు ఎండిపోతన్నయి. నీళ్ళు ఎవరన్నా ఇస్తారా అని కనుక్కో."

ధనలక్ష్మి పెదవి బిగించింది. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలియలేదు. "అన్నా, ఆ కాయకు చెప్పు. నా మిరప తడిసినాక మిగిలిన కరెంటు టైములో ఇస్తా. పైపు వాళ్ళే కొనుక్కోవాల."

"పైపు కొనుక్కుంటామని చెప్పు కాయా."

"నా కారియర్ గిన్నెలు తిరిగి రాలేదని కూడా చెప్పు అన్నా. నాలుగేళ్ళయింది."

"అది ఆ తుమ్మచెట్టుకే ఉందని చెప్పు. పిట్టలు గూడు కట్టినయి. పిట్టలెగిరి పోయినాక తీసుకోమను."

"కూర పారబోసిందా అని అడుగు."

"మూతే తియ్యలేదని చెప్పు."

"తీస్తే తెలిసేది. కార్జాలు ఏరి ఏరి వేశా."

మధ్యలో ముర్తుజా కాయను పట్టుకొని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పుతూ నిలబడ్డాడు. చెయ్యి పీకుతోంది. దించితే బేరం చెడుతుందని భయం.

వారంలో నల్లపైపు పరిచారు. నీళ్ళొచ్చాయి. కాని ఆ తోడికోడళ్ళు కాయ లేకుండా ఒక్క మాటైనా ఆడరు. మోటారు ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు కట్టెయ్యాలి, పైపు ఎక్కడ కారుతోంది, అన్నిటికీ ముర్తుజా వచ్చి ఆ గట్టు మీద నిలబడాల్సిందే. ఎండకు కాయ పిలక కూడా రాలిపోయింది. మణికట్టు సంగతి బయటపడ్డాక బేరాలు తగ్గుతాయనుకున్నాడు. కాయ లేవనని మొరాయించిందంటే ఇక అది అబద్ధమాడదని లోకం తీర్మానించుకుంది. పిలుపులు ఇంకా పెరిగాయి. ఆయనకు మాత్రం గట్టు మీద నిలబడటంతోనే పొద్దు గడిచిపోతోంది.

ఒకసారి జ్వరమొచ్చి వెళ్ళలేకపోయాడు. మంచం మీద పడుకున్నా మనసంతా అక్కడే. నీళ్ళ పూట వచ్చింది, పోయింది. ఫోన్ రాలేదు. తర్వాతి పూటా రాలేదు. చెట్లు ఎండిపోయాయనే అనుకొని, వణుకుతూనే హనుమాయమ్మకు ఫోన్ చేశాడు.

"అక్కా, రాలేకపోయా. నీళ్ళు..."

"పారుతన్నయి."

"మరి మోటారు ఎవరు వేయించారు? కాయ..."

"కాయెందుకంట? మేం మాట్లాడుకుంటన్నాం."

ముర్తుజా లేచి కూర్చున్నాడు. "ఏం మాట్లాడుకుంటన్నారక్కా?"

"నీ గురించే" అంది హనుమాయమ్మ. వెనకాల ధనలక్ష్మి గొంతు ఏదో అందించింది. ఇద్దరూ నవ్వారు. "నువ్వు పొయ్యి ముందు కళ్ళు మూసుకొని నిలబడింది తను చూడలేదంట. అదే చెబుతన్నా. ఫోన్ పెట్టెయ్యి, ఇంకా చానా ఉంది."